సంచిలో పెట్టి తేలేనివి: తెలుగు వాచకాలు రాసే పెద్దలకు బహిరంగ లేఖ

తెలుగు వాచకాలు, వ్యాకరణ పుస్తకాలు రాసే పెద్దలకు, వాటికి సంపాదకులుగా ఉన్నవారికి నమస్కారం.

నేను 28 ఏళ్లు ప్రభుత్వ పాఠశాలల్లో తెలుగు చెప్పి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయురాలిని. మీలాంటివారు రాసిన వాచకాలే నాకు అన్నం పెట్టాయి. వాటిలో కొన్ని పాఠాలు ఇప్పటికీ నాకు కంఠతా వచ్చు. ఈ లేఖ ఏ ఒక్క వాచకం మీదా ఫిర్యాదు కాదు. వ్యాకరణ భాగంలో ఎక్కడో ఒకచోట వచ్చి, అర పేజీలో ముగిసిపోయే, మంచితనం, ధైర్యం, అందం వంటి మాటలను చెప్పే భావవాచకాల పాఠం గురించి మాత్రమే రాస్తున్నాను. ఆ అర పేజీ నన్ను ఎన్నో ఏళ్లుగా బాధపెడుతోంది. ఇన్నాళ్లూ నోరు విప్పకపోవడం నా తప్పే.

పోయిన నెల మా పక్కింటి పాప ప్రశ్నపత్రం చేత్తో పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. ఆరో తరగతి చదువుతోంది. కళ్లలో నీళ్లు నిలిచి ఉన్నాయి. బల్ల, గాలి, నది, ధైర్యం అని నాలుగు మాటలిచ్చి, భావవాచకాన్ని గుర్తించమన్నారు. పాప గాలి చుట్టూ ఒక సున్న, ధైర్యం చుట్టూ ఒక సున్న చుట్టింది. రెండు గుర్తించినందుకు మార్కు పోయింది. "అమ్మమ్మా, కంటికి కనిపించనివీ చేత్తో పట్టుకోలేనివీ భావవాచకాలని బడిలో చెప్పారు కదా. గాలి కనిపించదు, పట్టుకోలేము కూడా. నేను రాసింది తప్పెలా అవుతుంది?" అని అడిగింది.

గాలి ఒంటికి తగులుతుంది కాబట్టి అది భావవాచకం కాదని చెప్పాను. పాప కాసేపు ఆలోచించి, "మరి అందం కంటికి కనిపిస్తుంది కదా, అది భావవాచకం ఎలా అయింది?" అంది. నా దగ్గర జవాబు లేదు. తీపి నాలుకకు తెలుస్తుంది. ఎరుపు కంటికి తెలుస్తుంది. నడకను వీధిలో అందరూ చూస్తారు. పొడవును టేపు పెట్టి కొలుస్తారు. ఇవన్నీ భావవాచకాల కిందే చెబుతాం. ఇటువైపు చూస్తే దయ్యం కనిపించదు, దేవుడు చేతికి అందడు, అయినా వాటిని ఈ జాబితాలో చేర్చము. మనం ఇచ్చిన నిర్వచనాన్ని నమ్మి, దాన్ని వేలు పట్టుకుని నడిచిన పాపకు మార్కు పోయింది. తోటి పిల్లలు జాబితా బట్టీ పట్టారు కాబట్టి వాళ్లకు మార్కు వచ్చింది. ఆలోచించిన పిల్లను శిక్షించే పాఠంలో ఏదో లోపం ఉందని మీరు కూడా ఒప్పుకుంటారని నా నమ్మకం.

ఆ లోపం ఎక్కడ మొదలైందా అని వెనక్కి వెళ్లి చూశాను. పాణిని రాసిన సంస్కృత వ్యాకరణం అష్టాధ్యాయి ఐదో అధ్యాయం మొదటి పాదంలో ఒక చిన్న సూత్రం ఉంది: "తస్య భావస్త్వతలౌ". 'దాని భావం' అని చెప్పవలసి వచ్చినప్పుడు మాట చివర త్వ, తల్ అనే ప్రత్యయాలు చేరతాయని దాని అర్థం. లఘుత్వం, గురుత్వం, సమత, మృదుత వంటివి అలా పుట్టినవే. ఈ సూత్రంలో కన్ను లేదు, చేయి లేదు, తాకడం అన్న మాటే లేదు. ఉన్నది 'తస్య'. అంటే 'దాని'. ఇక భావం అంటే ఇక్కడ మనసులోని ఊహ కాదు. ఆ మాట భూ అనే ధాతువు, అంటే క్రియకు మూలమైన మాట, నుంచి వచ్చింది, ఉండడం, కావడం అని దాని అర్థం. దాని ఉండడం, దాని తీరు: పాణిని చెప్పింది ఇంతే. మన పిల్లలేమో "పద్యానికి భావం రాయండి" అన్న వాక్యంలో ఆ మాటను రోజూ వింటారు. వాళ్లకు భావం అంటే తాత్పర్యం. భావవాచకం అన్న పేరే వాళ్లను మొదటి అడుగులో దారి తప్పిస్తుంటే, మనం ఇచ్చే నిర్వచనం రెండో అడుగులో తప్పిస్తోంది.

నేను బడిలో ఉన్న చివరి పదేళ్లు ఆ 'తస్య' అనే మాటనే పట్టుకుని పాఠం చెప్పాను. పిల్లలకు పాణిని పేరు చెప్పలేదు. ఒక్క ప్రశ్న నేర్పాను: "ఎవరిది? దేనిది?" ఓర్పు అంటే ఎవరి ఓర్పు? పచ్చదనం అంటే దేని పచ్చదనం? బల్లకు ఈ ప్రశ్న అక్కర్లేదు, ఎవరిదైనా కాకపోయినా అది గదిలో నిలబడే ఉంటుంది. గాలికీ అక్కర్లేదు. ఒక పిల్లవాడు లేచి, "చెట్టు కొమ్మ అంటాం కదా టీచర్, అదీ చెట్టుదే కదా" అన్నాడు. మంచి ప్రశ్న. కొమ్మను విరిచి పక్కన పెట్టవచ్చు. చెట్టు పచ్చదనాన్ని విరిచి పక్కన పెట్టగలవా అని అడిగాను. వాడు కిటికీలోంచి వేపచెట్టు వైపు చాలాసేపు చూసి కూర్చున్నాడు. ఆ పాఠం వాడికి మళ్లీ చెప్పవలసిన అవసరం రాలేదు.

ఈ ప్రశ్న కూడా అన్నిచోట్లా పనిచేయదు. నీడ సంగతి చూడండి. కంటికి కనిపిస్తుంది, చేతికి దొరకదు, చెట్టు నుంచి విడదీయలేము. నీడ ఏ రకమని మా తరగతిలో రెండు రోజులు వాదించుకున్నారు. నేను తీర్పు చెప్పలేదు. అయితే వాదించుకున్న ఆ రెండు రోజుల్లో వాళ్లు ఎన్ని మాటలను తిరగేసి చూశారో! జాబితా ఇచ్చి బట్టీ పట్టమంటే అది జరిగేది కాదు.

ఇంకో సంవత్సరం ఏడో తరగతిలో పాఠం మొదలుపెట్టేముందు, "మీ ఇంట్లో ఉండి, సంచిలో పెట్టి బడికి తేలేనిది ఒకటి చెప్పండి" అన్నాను. బావి అన్నారు, గేదె అన్నారు, పొయ్యిలో నిప్పు అన్నారు, అందరం నవ్వుకున్నాం. మూడో వరుసలో ఎప్పుడూ నోరు తెరవని ఒక అమ్మాయి లేచి, "బాకీ, టీచర్" అంది. తరగతి నిశ్శబ్దమైపోయింది. అది పత్తి రైతుల ఊరు. ఆ మాట బరువు అక్కడున్న ప్రతి పిల్లకూ తెలుసు. బాకీ ఎవరిది? నాన్నది. ఎవరికి? షావుకారుకి. ఆ ఇద్దరినీ తీసేస్తే బాకీ ఎక్కడా ఉండదు, ఇద్దరూ ఉన్నంతకాలం ఇంట్లో అందరికంటే పెద్దదిగా కూర్చుని ఉంటుంది. భావవాచకమంటే ఏమిటో నాకంటే బాగా ఆ అమ్మాయే చెప్పింది. బాకీతో పాటు పూచీ, గడువు, వాయిదా, వడ్డీ అన్నీ నల్లబల్ల మీదికి వచ్చాయి. ఒక్కటీ మన అర పేజీలో ఉండదు.

రైతుల ఊరు కాబట్టి ఇంకో జంట కూడా వచ్చింది: అదను, పదను. నేల దున్నడానికి తగిన తడిలో ఉండడం పదను. మట్టిని పిడికిట పట్టి చూస్తే తెలుస్తుంది. విత్తడానికి సరైన సమయం అదను. దాన్ని ఏ పిడికిలీ పట్టుకోలేదు, తప్పిపోయాక మాత్రం ఊరంతటికీ తెలుస్తుంది. అక్షరం రాని రైతు ఈ రెండు మాటలనూ పక్కపక్కన పెట్టి ఇంత స్పష్టంగా వాడుతుంటే, మనం అతని కొడుక్కి "సౌందర్యం, మాధుర్యం, ఔదార్యం" అని మూడు మాటలు రాసిచ్చి, ఇవే భావవాచకాలని చెబుతున్నాం.

ఆ మూడు మాటల మీద నాకు ద్వేషం లేదు. సుందరం నుంచి సౌందర్యం, మధురం నుంచి మాధుర్యం, ఉదారం నుంచి ఔదార్యం వచ్చే తీరు చక్కనిది, పిల్లలు నేర్చుకోవలసిందే. కాని అవి నేర్చుకునే వయసు వచ్చేలోపు పిల్లల నోట్లో వందల కొద్దీ తెలుగు భావవాచకాలు ఆడుతుంటాయి. వాటిని వాచకం గుర్తించకపోతే, మనసులోని సంగతులకు తెలుగులో మాటలు లేవనీ, అవి వేరే ఎక్కడినుంచో రావాలనీ పిల్లవాడికి ఒక అభిప్రాయం మిగిలిపోతుంది. పెద్దయ్యాక కూడా అది పోదు. పెద్ద చదువులు చదివినవారు "ఆ ఫీలింగ్‌కి తెలుగులో మాట లేదండీ" అంటుంటే వింటూనే ఉన్నాను. ఉంది. మనం చెప్పలేదు.

నాకు అన్నింటికంటే ఇష్టమైన పాఠం 'పెద్ద' అనే ఒక్క మాటతో చెప్పేదాన్ని. పెద్దకు తనం చేరితే పెద్దతనం. అది వయసుతో వస్తుంది, ఎవరూ ఇవ్వనక్కర్లేదు. రికం చేరితే పెద్దరికం. అది పదిమంది ఇస్తే వస్తుంది, వాళ్లే తీసేసుకుంటే పోతుంది. అందుకే పెద్దరికం నిలబెట్టుకోవాలంటాం, పెద్దతనం నిలబెట్టుకోవాలనము. ఇక ఆ పెద్దతనమే నోళ్లలో నలిగి నలిగి పెత్తనం అయింది. అది ఎవరూ ఇవ్వకపోయినా లాక్కుని చేసేది. వయసు, గౌరవం, అధికారం: ఒక్క ఇంట్లో పుట్టిన మూడు మాటలు మూడు దారులు పట్టాయి. "మీ ఇంట్లో పెద్దతనం ఎవరిది, పెద్దరికం ఎవరిది, పెత్తనం ఎవరిది?" అని అడిగితే పిల్లలు ఏడుగురు తాతయ్యల కథలు, నలుగురు మేనత్తల కథలు చెప్పారు. ఒక పిల్లవాడు లేచి, "పెద్దతనం తాతది, పెద్దరికం నాయనమ్మది, పెత్తనం మా బాబాయిది" అన్నాడు. వ్యాకరణం తరగతిలో ఇంతకంటే గొప్ప జవాబు నేను వినలేదు.

పేదరికం, చుట్టరికం, రాచరికం, ఇల్లరికం, ఈ రికాలన్నీ చూడండి. ఒక మనిషి నలుగురి మధ్య ఏ స్థానంలో ఉన్నాడో చెబుతాయి. తనం చాలావరకు మనిషి లోపలి స్వభావాన్ని చెబుతుంది: మంచితనం, పిరికితనం, పిసినారితనం, పసితనం. అదే తనం వస్తువుల దగ్గరికి వచ్చేసరికి దనంగా మెత్తబడి చల్లదనం, కమ్మదనం, కొత్తదనం అవుతుంది. దొంగతనం మాత్రం స్వభావం స్థాయి దాటి, పోలీసు స్టేషన్లో ఫిర్యాదు చేసే పని అయిపోయింది. ఎందుకలా అయిందని పిల్లలను అడగండి, గంట ఎలా గడుస్తుందో తెలియదు.

మి అనే ప్రత్యయం సంగతి చెప్పకుండా ఈ లేఖ ముగించలేను. కలిమి, లేమి, బలిమి, చెలిమి, కూరిమి, తాలిమి, ఓరిమి, వేడిమి. ఇది మన భాషలో చాలా పాత ప్రత్యయం. కన్నడంలో తాళ్మె, తమిళంలో పెరుమై అన్నప్పుడు చివర వినిపించేది దీని తోబుట్టువే. పాత తెలుగులో ఏ క్రియకైనా వ్యతిరేక రూపం నుంచి ఇలా నామవాచకం చేసుకునేవారు. చేయమి అంటే చేయకపోవడం, రామి అంటే రాకపోవడం. ఇప్పుడు మనం మూడు ముక్కలుగా చెప్పేదాన్ని వాళ్లు రెండు మూడు అక్షరాల్లో చెప్పారు. ఆ ప్రత్యయం చచ్చిపోయిందని అనుకోకండి. నిద్రలేమి అని పత్రికలవాళ్లు రాస్తున్నారు, సమన్వయలేమి అంటున్నారు, ఓర్వలేమి ఇంకా నోట్లో ఉంది. ఎవరో పేరు తెలియని విలేఖరి ఏదో ఒక రాత్రి నిద్రపట్టని జబ్బుకు మాట కావాల్సి వచ్చి, ఈ పాత తలుపు తెరిచి లోపలి నుంచి నిద్రలేమిని తెచ్చి ఉంటాడు. అతనికి నా నమస్కారం. "కలిమిలేములు కావడికుండలు" అన్న సామెతను పిల్లలకు చెప్పి, కావడి బొమ్మ వేసి, రెండు కుండల మీద ఈ రెండు మాటలూ రాయమంటే, చేతికి అందని రెండు సంగతులు భుజం మీదికి ఎక్కుతాయి.

చిన్నయ సూరి 1858లో వచ్చిన బాలవ్యాకరణంలో తద్ధిత పరిచ్ఛేదం ఒకటి, కృదంత పరిచ్ఛేదం ఒకటి పెట్టాడు. మాట నుంచి మాట పుట్టే తీరు, క్రియ నుంచి మాట పుట్టే తీరు అక్కడ కనిపిస్తాయి. పిల్లలకు ఆ సూత్రాలు చెప్పమనడం లేదు. సూత్రం వాళ్లే కనిపెడతారు. ఓర్చు, నేర్చు, మార్చు, కూర్చు, తీర్చు అని నల్లబల్ల మీద వరుసగా రాసి, మొదటిదాని పక్కన ఓర్పు అని రాసి ఊరుకోండి. మిగతావి తరగతి అంతా అరుస్తుంది: నేర్పు, మార్పు, కూర్పు, తీర్పు! తీర్పు దగ్గర ఆగాలి. న్యాయస్థానం చెప్పే తీర్పు, మన దాహం తీర్చే తీర్చు నుంచి వచ్చిందని తెలిసిన క్షణాన పిల్లల ముఖాలు చూడాలి మీరు. తరువాత గెలుచు, మరచు, తలచు, పిలుచు ఇచ్చినా తడబడరు. కోరు నుంచి కోరిక, ఓపు నుంచి ఓపిక, తీరు నుంచి తీరిక కూడా వాళ్లే చెబుతారు. ఒక గంటలో ఇరవై మాటల పుట్టుక తెలుస్తుంది. బట్టీ పట్టే జాబితాలో ఎన్ని మాటలు ఉన్నా ఈ ఆనందం ఉండదు.

ఇక, చేత్తో తాకలేనివి అని మనం రాస్తున్న ఈ మాటలతో తెలుగు మనిషి ఎలా కాపురం చేస్తాడో చూడండి. కోపాన్ని దిగమింగుతాడు. ఓపిక పడతాడు. ధైర్యం తెచ్చుకుంటాడు, ఎదుటివాడికి ధైర్యం చెబుతాడు. పరువు తీస్తాడు, నిలబెడతాడు. ఆశ పెట్టుకుంటాడు, వదులుకుంటాడు. అనుమానం పుడుతుంది, పెరుగుతుంది, తీరుతుంది. చేతికి అందనివాటిని మన భాష ఇన్ని రకాలుగా పడుతుంది, పెడుతుంది, మోస్తుంది. అయితే ఏ మాటకైనా ఏ క్రియ పడితే అది కుదరదు. భయం వేస్తుంది, సిగ్గు వేస్తుంది, జాలి వేస్తుంది, కోపం మాత్రం వస్తుంది. ఈ జోడీలు తల్లి దగ్గర నేర్చుకోని పిల్లలకు పుస్తకమే దిక్కు. వేరే రాష్ట్రాల్లో, వేరే దేశాల్లో పెరుగుతున్న మన పిల్లలు "నేను భయం అయ్యాను" అనడం విన్నాను. వాళ్ల తప్పు కాదు. పుస్తకంలో భయం అన్న మాట ఉంది, వేయడం అన్న మాట దాని పక్కన లేదు. నాకు భయం వేసింది అన్నప్పుడు మనిషి కర్త కాడు, భయమే కర్త, అది వచ్చి మనిషికి తగులుతుంది. "ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖం ఎరుగదు, వలపు సిగ్గు ఎరుగదు" అన్న సామెతలో ఆకలీ నిద్రా వలపూ మనుషుల్లా నడిచి వస్తాయి. వాటికి మనిషి అవసరం ఉన్నట్టే కనిపించదు.

నిఘంటువుల సంగతి రెండు మాటల్లో చెబుతాను. ఓర్పు అంటే సహనం, సహనం అంటే ఓర్పు అని చెప్పి చేతులు దులుపుకోవడం మన నిఘంటువుల్లో పాత అలవాటు. వాచకాల చివర ఇచ్చే పదాల అర్థాలకూ అదే అంటుకుంది. బెంగకు దిగులు అని, దిగులుకు బెంగ అని అర్థం రాస్తే పిల్లవాడు గిర్రున తిరిగి బయలుదేరిన చోటికే వస్తాడు. రెండూ ఒకటి కావు. బెంగకు ఎదుట ఒక మనిషి ఉండాలి, ఆ మనిషి దూరంగా ఉండాలి. హాస్టల్లో చేరిన పిల్లవాడు అమ్మ మీద బెంగ పెట్టుకుంటాడు. దిగులుకు అలాంటి నియమం లేదు. పొద్దువాలే వేళ ఏ కారణమూ లేకుండా కూడా దిగులు పట్టుకుంటుంది. ఒకసారి జవాబు పత్రాలు దిద్దే చోట, ఒక భావవాచకం రాసి సొంత వాక్యంలో ఉపయోగించమన్న ప్రశ్నకు ఒక విద్యార్థి "బెంగ" అని రాసి, "మా చెల్లి నా మీద బెంగ పెట్టుకుంది" అని వాక్యం రాశాడు. నేను మార్కు వేశాను. ఇచ్చిన జవాబుల జాబితాలో మంచితనం, అందం, ధైర్యం మాత్రమే ఉన్నాయని చెప్పి పైనున్నవారు కొట్టేశారు. నేను వాదించాను, ఫలితం లేకపోయింది. ఆ కాగితం మీద ఎర్ర గీత నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. హాస్టల్లో కూర్చుని రాసిన వాక్యమని నాకు ఆ రోజే అనిపించింది.

మాండలిక వృత్తి పదకోశం పనిలో మనవాళ్లు ఊరూరా తిరిగి రైతుల నోట ఉన్న మాటలను సేకరించారు. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయ పదాల సంపుటం 1962లో వచ్చింది. చేతిలో పట్టుకునే పనిముట్లకు ఏ ఊళ్లో ఏమంటారో అడిగి రాసుకున్నట్టే, మనసులో మోసే వాటికి ఏ ఊళ్లో ఏమంటారో అడిగి రాసుకునే పని ఎవరైనా తలపెట్టాలి. జంకు, బెరుకు, జడుపు, వెరపు, గుబులు, వీటి మధ్య తేడాలు తెలిసిన ముసలివాళ్లు ఇంకా ఉన్నారు. రేపు ఉండరు. ఇది వాచకాల పని కాదని మీరు అనవచ్చు. కాని పిల్లల చేత చేయించగలిగేది మీరే. ఒక ప్రాజెక్టు పని కింద ప్రతి పిల్లా తన నాయనమ్మనో అమ్మమ్మనో అడిగి పది మాటలు, వాటితో వచ్చే క్రియలు రాసుకురమ్మనండి. రెండు రాష్ట్రాల్లో ఒక్క తరగతి పిల్లలు ఒక్క ఏడాది ఆ పని చేస్తే ఎంత పోగవుతుందో ఊహించండి.

వాచకాల్లో రాజ్యాంగ పీఠిక అచ్చు వేస్తున్నారు, చాలా బడుల్లో ప్రార్థన సమయంలో చదివిస్తున్నారు. 1949 నవంబరు 26న ఈ దేశం తనకు తాను ఇచ్చుకున్న మాటలవి: న్యాయం, స్వాతంత్ర్యం, సమానత్వం, సౌభ్రాతృత్వం. నాలుగూ భావవాచకాలే. పిల్లలు గొంతు చించుకుని చదువుతారు, అర్థం అడిగితే తల దించుకుంటారు. చివరి మాటకైతే పలకడమే కష్టం. సంస్కృతంలో దాని రూపం సౌభ్రాత్రం. దానికి మనం ఇంకో త్వం తగిలించి మరింత బరువెక్కించాం. ఒక రోజు ఎనిమిదో తరగతిలో పీఠికలోని మాటలకు కూడా అదే ప్రశ్న వేశాను. సమానత్వం ఎవరిది? ఎవరితో? కొంచెం సేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత ఒక అమ్మాయి, "మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు ఎవరు ఎవరి పక్కన కూర్చోవాలో చూసుకోకుండా కూర్చోవడం" అంది. ఇంకొకడు, "మా వీధి వాళ్లని కూడా ఆటలో చేర్చుకోవడం" అన్నాడు. ఆ రోజు నాకు కొన్ని సంగతులు తెలిశాయి. ఇరవై ఏళ్లకు పైగా ఆ బడుల్లో తిరిగి కూడా ఎవరెవరు ఎక్కడెక్కడ కూర్చుని తింటున్నారో నేను సరిగా చూడలేదు. మరునాటి నుంచి చూశాను.

మన భాషకు కొత్త భావాలను ఇముడ్చుకునే శక్తి లేదేమోనన్న భయం ఎవరికైనా ఉంటే, జవాబుదారీతనం అన్న మాటను చూడమని చెప్పండి. జవాబు అరబ్బీ నుంచి వచ్చింది, దారీ పారశీకం నుంచి వచ్చింది, తనం మన ఇంటిది. ముగ్గురూ కలిసి, పనిచేసేవాడు ప్రజలకు సమాధానం చెప్పుకోవాలన్న సంగతిని ఎంత చక్కగా చెబుతున్నారో! హక్కు కూడా అరబ్బీ మాటే. బాకీ కూడా. ఎక్కడి నుంచి వచ్చినా ఇప్పుడు అవి మనవి, పల్లెలో ముసలమ్మ నోట పలుకుతున్నాయి. కాబట్టి సంస్కృతం మాటలు తీసేయమని కాని, అచ్చతెలుగే రాయమని కాని నేను అడగడం లేదు. పిల్లల నోట్లో ఇప్పటికే ఉన్న మాటలతో మొదలుపెట్టి, వాటి చేయి పట్టుకుని సౌందర్యం దాకా, సమానత్వం దాకా తీసుకువెళ్లమని అడుగుతున్నాను. మనం చాలాకాలంగా వాళ్లను నేరుగా చివరి మెట్టు మీద నిలబెట్టి, కింది మెట్లు ఎక్కడున్నాయో చూపించడం లేదు.

మీరు వాచకాలు తిరగరాసేటప్పుడు ఆ అర పేజీని ఒక పూర్తి పేజీ చేయండి. కంటికి కనిపించనివి, చేతికి అందనివి అన్న నిర్వచనాన్ని దయచేసి తీసేయండి. ఎవరిది, దేనిది అన్న ప్రశ్నను దాని స్థానంలో పెట్టండి, ఇంతకంటే మంచిది మీకు తోస్తే అదే పెట్టండి. ప్రతి మాటా దాని క్రియతో జోడీగా ఉండాలి: భయం వేయడం, బెంగ పెట్టుకోవడం, ఓపిక పట్టడం. పదాల అర్థాల దగ్గర ఒక మాటకు ఇంకో మాట రాసి సరిపెట్టకుండా, అది ఎప్పుడు, ఎవరికి, ఎవరి వల్ల కలుగుతుందో ఒక్క వాక్యంలో చెప్పండి. ఉపాధ్యాయుల కోసం వేసే పుస్తకంలో, జాబితాలో లేని జవాబుకు కూడా మార్కు వేయవచ్చని స్పష్టంగా రాయండి. ఆ ఒక్క వాక్యం ఉండి ఉంటే బెంగ అని రాసిన పిల్లవాడికి మార్కు దక్కేది, మా పక్కింటి పాప కన్నీళ్లు పెట్టుకునేది కాదు.

పేజీ అడుగున ఒక ఖాళీ గీత వదలండి. దాని పైన, "మీ ఇంట్లో ఉన్నదీ, సంచిలో పెట్టి బడికి తేలేనిదీ ఒకటి రాయండి" అని ఉండాలి. ఆ ప్రశ్నకు మాత్రం పుస్తకం చివర జవాబు అచ్చు వేయకండి.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు